పాలమూరు ఇంటి కత్తి: బ్లేడుకో వయసు, పిడికో వయసు

పాత ఆయుధాల లోహాన్ని పరీక్షించి, వాటిని భద్రపరిచే పని నాది. ఈ కేసు పాత పాలమూరు జిల్లాలో ఒకప్పటి దేశ్‌ముఖ్ కుటుంబానిది. ఊరి పేరు, ఇంటి పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. పరీక్షల వివరాలు పంచుకోవడానికి మాత్రం సంతోషంగా ఒప్పుకున్నారు. ఇలాంటి కత్తులు తెలుగు నేల మీద ఇంకా ఎన్నో ఇళ్లలో దేవుడి గూటి పక్కనో, అటక మీదో ఉన్నాయి. వాటిని ఎలా చూడాలో పదిమందికీ తెలియాలని వివరంగా రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చేసరికే ఆ కత్తి గురించి ఇంట్లో మూడు మాటలు ఉన్నాయి. మొదటిది ఇంటి పెద్దాయనది. "ప్రతాపరుద్రుని కాలంది సార్ ఇది. మా తాత చెప్తుండె. ఆయనకు వాళ్ల తాత చెప్పిండట" అన్నారు. రెండోది ఆయన మేనల్లుడిది. బ్లేడు మీద 1414 అనే అంకెలు కనిపెట్టి, అది తయారైన సంవత్సరమేనని గట్టిగా నమ్మాడు. మూడోది కొనడానికి వచ్చిన ఒక వ్యాపారిది. ఇది కోనసముద్రం ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తి (ఉక్కు మీద నీటి అలల నమూనా తేలే రకం) అనీ, కాకతీయుల నాటిదని కాగితం ఉంటే ధర ఎన్నో రెట్లు పలుకుతుందనీ చెప్పి వెళ్లాడు. ఆ కాగితం కోసమే నన్ను పిలిచారు.

"పెద్దయ్యా, మీ మాట ముందు రాసి పెట్టుకుంటా. కత్తి ఏం చెప్తుందో కూడా చూద్దాం. రెండూ కలిస్తే మంచిదే, కలవకపోయినా ఉన్నదున్నట్టు చెప్తా" అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. పని మొదలుపెట్టే ముందే ఈ మాట అనుకోవడం అవసరం. ఇంటివాళ్లకు కత్తి అంటే పూర్వీకుల పేరు. పరీక్షకు ఇచ్చేటప్పుడు వాళ్లు ఏం అప్పగిస్తున్నారో మనకు తెలిసి ఉండాలి.

కత్తి మొత్తం పొడవు 109 సెంటీమీటర్లు, అందులో బ్లేడు 91. బరువు 1,180 గ్రాములు. బ్లేడు తిన్నగా ఉంది, రెండు పక్కలా వాదర, మొన గుండ్రం. పిడి దగ్గర వెడల్పు 3.6 సెంటీమీటర్లు. మందం పిడి దగ్గర 5.2 మిల్లీమీటర్లు, నడుమ 3.1, మొనకు దగ్గరగా 1.9. మందం ఇలా క్రమంగా తగ్గడం చిన్న విషయం కాదు. ఇప్పటి నకళ్లు చాలామట్టుకు ఒకే మందం ఉన్న ఉక్కు పట్టీని కోసి చేసినవి, మొదలు నుంచి చివరిదాకా మందం దాదాపు ఒకటే. సుత్తితో సాగదీసి చేసిన బ్లేడే చేతిలో తేలిగ్గా తిరుగుతుంది. మందం కొలిచే కాలిపర్ ఒకటి చాలు, సగం నకిలీలు అక్కడే బయటపడతాయి.

పిడి దగ్గర మొదలై బ్లేడు పొడవులో మూడో వంతు దాకా పక్కపక్కనే మూడు సన్నని గాడులు నడుస్తున్నాయి. పిడి పూర్తిగా ఇనుముది. వేళ్లను కాపాడే వెడల్పాటి ఇనుప పట్టీ, దాని లోపల ఎర్ర గుడ్డ మెత్త, పైన పళ్లెం లాంటి గుండ్రని బిళ్ల, ఆ బిళ్ల నడుమ నుంచి వంపు తిరిగి పైకి వచ్చే ముల్లు. కత్తిని రెండు చేతులతో ఎత్తి వేటు వేసేటప్పుడు రెండో చెయ్యి ఆ ముల్లును పట్టుకుంటుంది. పిడి నుంచి బ్లేడు మీదికి రెండు ముఖాలా నాలుకల్లాంటి చిన్న పలకలు దిగాయి. బ్లేడు మొదట్లో రెండు అంచులకూ అలల అంచున్న బలం పట్టీలు రివెట్లతో బిగించి ఉన్నాయి. పిడి మీద అక్కడక్కడ వెండి పూల తీగలు మిగిలాయి. ఒర లేదు.

ఈ రూపాన్ని మన దేశపు ఆయుధాల మీద పనిచేసేవాళ్లు ఫిరంగి అంటారు. తుపాకిమందు పెట్టి పేల్చే ఫిరంగి కాదు, ఐరోపా నుంచి వచ్చిన బ్లేడుకు ఇక్కడి పిడి బిగించిన తిన్నని కత్తి. చూడగానే నాకు ఆ అనుమానం వచ్చింది. అయితే అనుమానాన్ని నివేదికలో రాయలేం. ఐరోపా బ్లేళ్లను మన కమ్మరులు అచ్చంగా దించిన సందర్భాలు ఉన్నాయి, ఆ పోలికలో గత వందేళ్లలో తయారైనవీ ఉన్నాయి. అందుకే మూడు మాటలనూ ఒక్కొక్కటిగా పట్టుకున్నాను.

కాకతీయుల మాట

ప్రతాపరుద్రుడి పాలన 1323లో ముగిసింది. ఆ కాలపు కత్తులు మనకు లోహంలో అరుదు, రాతిలో మాత్రం కావలసినన్ని. 1213 నాటి రామప్ప గుడిలోనూ, ఓరుగల్లు కోటలోనూ, ఊళ్ల పొలిమేరల్లోని వీరగల్లుల మీదా వీరులు కత్తులు పట్టుకుని కనిపిస్తారు. నేను చూసినంతలో వాటి పిడులు పొట్టివి, వేళ్ల ముందు అడ్డుగా వచ్చే వెడల్పాటి పట్టీ వాటికి లేదు. పిడి చివర ముల్లూ లేదు. ఈ మెత్త పరిచిన కాపు, పళ్లెం బిళ్ల, ముల్లు కలిసిన పిడి దక్కనులోనూ రాజస్థానంలోనూ బాగా కనిపించేది 17, 18 శతాబ్దాల్లో. కాబట్టి పిడి కాకతీయులది కాదు. అయితే పాత బ్లేడుకు కొత్త పిడి బిగించడం మన దగ్గర అతి మామూలు. పిడిని చూసి బ్లేడు వయసు చెప్పడం తప్పు. మొదటి మాట సగమే తేలింది.

1414

మేనల్లుడు చూపించిన అంకెలు నిజంగానే ఉన్నాయి. నడుమ గాడిలో ఒకటి, నాలుగు, ఒకటి, నాలుగు. పక్కనే కొన్ని గీతలతో గీసిన నాలుగు కాళ్ల జంతువు. ఇంట్లోవాళ్లు దాన్ని సింహమనుకున్నారు, ఒకరు గుర్రం అన్నారు. గీతల్లో అక్కడక్కడ పసుపుపచ్చని లోహం మెరుస్తోంది.

ముందు సంవత్సరం అన్న వాదాన్నే తీసుకుందాం. క్రీస్తుశకం 1414లో దక్కనులో ఫిరోజ్ షా బహమనీ పాలిస్తున్నాడు. ఆ ఏడాది ఇక్కడ కత్తి మీద సంవత్సరం వేసేవాళ్లు శక సంవత్సరం 1336 వేయాలి, లేదా హిజ్రీ 816, 817ల్లో ఒకటి వేయాలి. క్రీస్తుశకంతో లెక్క ఇక్కడ ఎవరికీ వాడుకలో లేదు. పోనీ, అది శక సంవత్సరమే అనుకుంటే 1492 అవుతుంది. హిజ్రీ అనుకుంటే 1993. రెండోదాన్ని పక్కన పెట్టవచ్చు, ఆ కత్తి అంతకు ముందే ఇంటి ఫొటోల్లో ఉంది. మొదటిదానికి అంకెల రూపం అడ్డం వస్తుంది. ఇవి తెలుగు కన్నడ శాసనాల అంకెలు కావు, నాగరి అంకెలు కావు, పారసీ అంకెలూ కావు. పాత ఐరోపా అంకెలు.

అసలు కిటుకు జంతువులో ఉంది. అది తోడేలు. జర్మనీలోని పస్సావు పట్టణపు కత్తుల పనివాళ్లు తమ సరుకు మీద పరుగెత్తే తోడేలును వేసేవారు. 1349లో ఆస్ట్రియా డ్యూకు ఆల్బ్రెక్ట్ వాళ్లకు ఆ హక్కు ఇచ్చాడని చెబుతారు. తర్వాత రైన్ నది ప్రాంతంలోని సోలింగెన్ పనివాళ్లు అదే తోడేలును తమ బ్లేళ్ల మీద ధారాళంగా వేసుకున్నారు. 17వ శతాబ్దపు తోడేలు బ్లేళ్ల మీద 1414, 1441 లాంటి అంకెలు మళ్లీ మళ్లీ వస్తాయి. అవి తయారైన ఏడాదిని చెప్పవు, కత్తికి బలమిచ్చే అంకెలని నమ్మి వేసినవి. ఇదే 1414ను చూసి మధ్యయుగపు కత్తి అని ఐరోపాలోనే ఎంతోమంది రాసేశారు. మేనల్లుడి పరిశీలనలో లోపం లేదు, మరిన్ని బ్లేళ్లు పక్కన పెట్టుకుని చూసే అవకాశం అతనికి లేదు, అంతే.

ఇలాంటి గుర్తులను ముఖవిలువకు తీసుకోకూడదు. ఇటలీ ఉత్తరాన బెల్లూనోలో 16వ శతాబ్దం చివర్లో ఆండ్రియా ఫెరారా అనే పేరున్న పనివాడు ఉండేవాడు. ఆయన పోయాక కూడా ఆ పేరును సోలింగెన్‌లో తరతరాలు బ్లేళ్ల మీద వేశారు. స్కాట్లాండు బుట్టపిడి కత్తుల మీద ఆ పేరు కొల్లలు. ఒక్క మనిషి అన్ని కత్తులు చేయలేడు. పేరూ, బొమ్మా ఆ రోజుల్లో నాణ్యతకు గుర్తుగా అమ్ముడుపోయేవి. ఇటలీలోని జెనోవా పేరుతో ప్రసిద్ధమైన కొడవలి గుర్తునైతే జర్మనీ నుంచి కాకసస్ దాకా, అక్కడి నుంచి మన దేశం దాకా అందరూ దించారు. కాబట్టి తోడేలు కనిపించింది కనుక సోలింగెన్ అనేస్తే ఆ వ్యాపారి చేసిన పనే మనమూ చేసినట్టు.

మరి అసలుదని ఎలా తేల్చాలి? బ్లేడు రెండో ముఖం మీద, పిడి నుంచి దిగిన నాలుక అంచున ఒక అర్ధచంద్రం కనిపిస్తోంది. సన్నని కెమెరా గొట్టాన్ని నాలుక కింది సందులోకి పంపి చూస్తే, అది అర్ధచంద్రం కాదు, గోళం. దాని మీద శిలువ. ఇది కూడా జర్మన్ బ్లేళ్ల మీద తరచు కనిపించే గుర్తే. నాకు ముఖ్యమనిపించింది దాని చోటు. గుర్తులో సగం ఇక్కడి పిడి నాలుక కింద దాగి ఉంది. అంటే ఇక్కడ పిడి బిగించే నాటికే ఆ గుర్తు బ్లేడు మీద ఉంది. కొనేవాడికి ఆశ పుట్టించాలని తర్వాత ఎవరో చెక్కి ఉంటే, కనిపించే చోట చెక్కేవాళ్లు, పలక కింద సగం దాచరు. దాగిన సగంలో పచ్చ లోహం పూర్తిగా నిండి ఉంది, అంచులు పదునుగా ఉన్నాయి. బయటి సగం అరిగిపోయి నునుపెక్కింది. ఈ ఒక్క పరిశీలన మీద నాకు మిగతా పరీక్షలన్నిటికంటే ఎక్కువ నమ్మకం.

కోనసముద్రం మాట

వ్యాపారి మాటను కూడా తేలిగ్గా తీసిపారేయలేదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఉక్కుకు పేరున్న ఊరు. మట్టి మూసల్లో ఇనుమును కరిగించి చేసిన ఆ ముద్దల కోసం పారసీక వ్యాపారులు అక్కడిదాకా వచ్చేవారు. 19వ శతాబ్దం మొదటి భాగంలో హెన్రీ వాయిసీ ఆ కొలిమి పనిని కళ్లారా చూసి రాశాడు. తెలంగాణ కత్తి అనగానే ఆ ఉక్కు గుర్తు రావడం సహజం. కానీ అది ఉక్కును కరిగించి చేసే పద్ధతి కనుక, మూసలో కిట్టం (ఇనుములోని మలినం) పైకి తేలిపోతుంది, లోహంలో కిట్టం చారలు దాదాపు మిగలవు. కర్బనం సుమారు ఒకటి నుంచి రెండు శాతం. సూక్ష్మదర్శినిలో కర్బన సమ్మేళనపు సన్నని పూసలు వరసలు కట్టి కనిపిస్తాయి. పైన తేలే నీటి అలల నమూనా ఆ వరసలదే.

బ్లేడు నుంచి ముక్క కోయడానికి నేను ఒప్పుకోను, ఇంటివాళ్లూ ఒప్పుకోరు. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో ఆవిరి గొట్టాలను కోయకుండా పరీక్షించడానికి వాడే పద్ధతే ఇక్కడా పనికొచ్చింది. ఇప్పటికే అరిగి పాడైన ఒక చోట, గోరంత జాగాను నునుపు చేసి, పలచని నైట్రిక్ ఆమ్లం, ఆల్కహాలు కలిపిన ద్రవంతో తడిపి, ఎసిటోనులో మెత్తబడిన ప్లాస్టిక్ పొరను దాని మీద అద్ది తీశాను. లోహపు కణాల ముద్ర ఆ పొర మీదికి వచ్చేస్తుంది. తర్వాత దాన్ని ల్యాబులో తీరిగ్గా చూడవచ్చు.

ఆ ముద్రలో సన్నగా సాగిన కిట్టం చారలు ఉన్నాయి. లోహాన్ని మడతలు వేసి, పేర్చి, కొట్టి అతికిన ఆనవాళ్లు ఉన్నాయి. వాదర దగ్గర కణాలు ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ కాస్త వేడిచేసి మెత్తబరిచిన ఉక్కువి. లోపలికి పోయేకొద్దీ మెత్తని ఇనుము. పూసల వరసలు లేవు. అంటే ఇది కోనసముద్రం తరహా మూస ఉక్కు కాదు. కరిగించకుండా బట్టీలో తీసిన ఇనుముతో చేసి, మొత్తం బ్లేడును చల్లార్చి పదును పెట్టిన పని. స్ప్రింగులా వంగి తిరిగి నిలబడే గుణం ఆ పదునులోంచే వస్తుంది. ఈ బ్లేడును వంచి చూడలేదు. పాత గుంటల కింద పగులు ఉంటే అక్కడికక్కడే విరుగుతుంది. సరదాకైనా ఎవరూ ఆ పని చేయకండి.

కొత్త నకలు కాదని తేల్చుకోవడానికి ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరీక్ష చేశాం. నగల దుకాణాల్లో బంగారం స్వచ్ఛత చూసే యంత్రమే, దీన్ని ఇనుప మిశ్రమాలకు సరిచేశారు. ఇది కర్బనాన్ని చూడలేదు, మాంగనీసును బాగా చూస్తుంది. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కులో మాంగనీసు కావాలని కలపడం మొదలైంది, అందుకే ఆధునిక ఉక్కులో అది స్పష్టంగా కనిపిస్తుంది. మన బ్లేడులో పరీక్షించిన ప్రతి చోటా 0.1 శాతం లోపే. తోడేలు గీతల్లోని పచ్చ లోహం ఇత్తడి, జింకు ఐదో వంతుకు కాస్త పైన. ఐరోపాలో 1738లో విలియం చాంపియన్ జింకును వేరుగా తీసే పద్ధతికి పేటెంటు పొందేదాకా, రాగిని జింకు ఖనిజంతో కలిపి కాల్చి ఇత్తడి చేసేవారు. ఆ పద్ధతిలో జింకు సుమారు 30 శాతం దాటడం కష్టం. మన దేశంలో, రాజస్థాన్‌లోని జావర్ గనుల దగ్గర జింకును ఎంతో ముందే బట్టీల్లో వేరుగా తీశారు కనుక ఇక్కడి ఇత్తడికి ఆ హద్దు లేదు. ఈ అంకె ఒక్కటే దేన్నీ నిరూపించదు. మిగతా సాక్ష్యానికి ఎదురు చెప్పలేదు, దానికి ఆ మేరకే విలువ ఇచ్చాను.

కార్బన్ డేటింగు చేయించవచ్చు కదా అని మేనల్లుడు అడిగాడు. ఉక్కులో కర్బనం ఉంటుంది కనుక సిద్ధాంతంగా వీలే. కానీ నమూనా కోయాలి. పైగా అది చెప్పేది ఇనుము తీసిన బట్టీలో కాలిన కట్టె వయసు. ముసలి చెట్టు కాలితే తేదీ వెనక్కి జరుగుతుంది. 1600 తర్వాతి శతాబ్దాల్లో ఆ కొలత ఎలాగూ విశాలమైన తేదీలనే ఇస్తుంది. గుర్తులూ, నిర్మాణమూ చెప్పినంత దగ్గరగా అది చెప్పలేదు.

ఇన్నీ కలిపి బ్లేడు జర్మనీది, చాలామటుకు సోలింగెన్‌లో, సుమారు 1600 నుంచి 1680 మధ్య తయారైనదని రాశాను.

ఎక్కడి సోలింగెన్, ఎక్కడి పాలమూరు? దారి అంత అసాధ్యమైనది కాదు. 1510 నుంచి గోవా పోర్చుగీసుల చేతిలో ఉంది, ఐరోపా బ్లేళ్లు పడమటి తీరం గుండా దక్కను సుల్తానుల సైన్యాలకూ, మరాఠా రౌతులకూ చేరేవి. తూర్పున గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం రేవు. 17వ శతాబ్దం మొదటి దశకంలో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగారు. ప్రపంచం మెచ్చిన ఉక్కు ముద్దలు ఇక్కడి నుంచి ఓడలెక్కుతున్న కాలంలోనే, జర్మనీ బ్లేళ్లు ఇక్కడికి దిగాయి. రెండింటి పని వేరు. మూస ఉక్కు వాదర భీకరంగా కోస్తుంది, కానీ కర్బనం ఎక్కువ కనుక సన్నగా, పొడుగ్గా, తిన్నగా చేస్తే విరిగే భయం ఉంది. గుర్రం మీద నుంచి చేయి చాపి పొడిచే రౌతుకు మూడడుగుల వంగే బ్లేడు కావాలి. అది సోలింగెన్‌లో రాశులుగా, ఒకే కొలతలో తయారయ్యేది. ఎవరికి ఏది అవసరమో అది కొన్నారని నేను అనుకుంటాను. ఇందులో మన కమ్మరి పనితనానికి తక్కువేమీ లేదు.

పిడి

కుటుంబ చరిత్ర తెలిసేది పిడిలోనే, అందుకే దాని మీద ఎక్కువ పని చేశాను. బాలానగర్‌లో వెల్డింగు అతుకులు పరీక్షించే ఒక ల్యాబులో పారిశ్రామిక ఎక్స్‌రే తీయించాం. ఆసుపత్రి యంత్రంతో ఇంత మందం ఇనుము లోపల స్పష్టంగా కనిపించదు. బొమ్మలో బ్లేడు తోక భాగం మొండిగా కనిపించింది. ఐరోపా పిడుల్లో తోక పిడి పొడవునా వెళ్లి చివర బిగుస్తుంది. ఇక్కడ దాన్ని సగానికి పైగా కత్తిరించి, పిడి బోలులో పెట్టి, లక్క పోసి నింపారు. ఇది మన పద్ధతి. నాలుకల కింద బ్లేడుకు పదును పెట్టని చదునైన మొదలు ఉంది. వేలు చుట్టి పట్టుకోవడానికి ఐరోపా పనివాడు వదిలిన భాగం అది. ఇక్కడి పిడికి దాని అవసరం లేక బలం పట్టీలతో కప్పేశారు.

వెండి పని కోఫ్త్‌గరీ. ఇనుము మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు గీసి, వెండి తీగను వాటి మీద పెట్టి కొట్టి అతికిస్తారు. కరీంనగర్ వెండి తీగపనికీ దీనికీ సంబంధం లేదు. భూతద్దంలో ఆ కింది గీతలు చేత్తో గీసినవని, దూరాలు సమంగా లేవని కనిపిస్తుంది. వెండి మిగిలిన తీరు ఇంకా ముఖ్యం. బొటనవేలు ఆనేచోట, అరచేయి రాసుకునేచోట పూర్తిగా పోయింది, చేయి తగలని లోతుల్లో నల్లబడి నిలిచింది. గోడకు వేలాడిన కత్తికి ఈ అరుగుదల రాదు. దీన్ని పట్టుకుని తిరిగిన చేతులు ఉన్నాయి.

పూల తీగల తీరు, బిళ్ల బరువు, కాపు వెడల్పు చూసి పిడిని 17వ శతాబ్దం చివరి నుంచి 18వ శతాబ్దం నడుమ దాకా, దక్కను పనిగా లెక్క వేశాను. సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ, ఢిల్లీ జాతీయ మ్యూజియంలోనూ పెట్టిన పిడులతో పోల్చి చూసుకోవడం ఇక్కడ బాగా పనికొచ్చింది. ఈ పని నేర్చుకునేవాళ్లు ఆ గదుల్లో ఎంతసేపు నిలబడితే అంత మంచిది. ఆయుధశాల ముద్ర ఏదైనా దొరుకుతుందేమోనని పిడి అంతా వెతికాను. రాజస్థాన్‌లోని బికనీర్ జునాగఢ్ కోట ఆయుధాల మీద చుక్కలు పొడిచి రాసిన నాగరి అక్షరాలు ఉంటాయి. 17వ శతాబ్దం చివర్లో మన ఆదోని కోట మొఘలుల వశమైనప్పుడు బికనీర్ మహారాజు అనూప్ సింగ్ ద్వారా అక్కడికి చేరిన ఆయుధాల మీద ఆదోని పేరే ఉంటుంది. అలాంటి అక్షరాలు ఉంటే కత్తి ప్రయాణం సగం తెలిసిపోతుంది. దీని మీద లేవు. ఏ రాజు ఆయుధశాలలోనూ జమ కాని, ఒక ఇంటి కత్తి అనుకోవడానికి అది కూడా సరిపోతుంది.

పిడి, బ్లేడు కలిసే సందులో అతినీలలోహిత దీపం వేస్తే లక్క నారింజ రంగులో వెలిగింది. ఇప్పటి జిగురు అయితే నీలితెలుపులో మెరిసేది. అంటే ఈ మధ్య ఎవరూ ఊడదీయలేదు. లోపలి ఎర్ర మెత్త మాత్రం వేరే కథ. గుడ్డ కుట్టు యంత్రంతో కుట్టినది, సమానమైన టాకాలు, కింది దారమూ పై దారమూ ముడిపడ్డ తీరు. కనుక మెత్త 19వ శతాబ్దం చివరిదో, ఆ తర్వాతిదో. ఒకే కత్తిలో ఇది మూడో తేదీ. నాలుగోది తుప్పులో దొరికింది.

బ్లేడు ఒక ముఖం మీద గుంటలు లోతుగా, రెండో ముఖం మీద పైపైన ఉన్నాయి. ఎక్కువ కాలం ఒక పక్కకు తడి తగిలేలా పడుకుని ఉందన్నమాట. పిడి కింది భాగంలో గట్టిపడిన తుప్పును పక్కవాటు వెలుతురులో చూస్తే గోనెపట్టా నేత కనిపించింది. గుడ్డ కుళ్లిపోయినా, దాని పోగుల్లోకి ఎక్కిన తుప్పు ఆ నేతను అలాగే అచ్చువేసి ఉంచుతుంది. ఈ ఫొటో చూపించినప్పుడు పెద్దాయన అక్కగారు వెంటనే అన్నారు: "పోలీసు యాక్షనప్పుడు మా నాయన దీన్ని గోనెసంచిల సుట్టి పాతరల దాసిండు. ఆయుధాలు పట్కపోతరని భయం. నేను సిన్నపిల్లను, నాకు యాదికున్నది." 1948 నాటి మాట. తేదీ అడగకుండానే లోహమూ, మనిషీ ఒకే సంగతి చెప్పారు. ఆ తుప్పు ముద్రను గీకేయకుండా అలాగే వదిలేశాను.

గీకేయడం గురించి ఒక మాట చెప్పాలి. ఈ కత్తికి గోనెసంచిలో పాతర కంటే ఎక్కువ నష్టం చేసింది భక్తి. ఏటా దసరాకు చింతపండు, ఇటుక పొడి వేసి తళతళలాడేలా తోమారు. తోడేలు తల, 1414లో చివరి నాలుగు సగం చెరిగిపోవడానికి కారణం అదే. తర్వాత గాడుల్లో కుంకుమ, పసుపు అద్దారు. అవి తేమను పట్టి ఉంచి కింద లోహాన్ని తినేశాయి. ఇంకా పెద్ద ప్రమాదం పాలిష్ దుకాణాల బఫింగ్ చక్రం. కొన్ని నిమిషాల్లో అది గుర్తులన్నిటినీ తుడిచేయగలదు, ఆ తర్వాత నాలాంటివాళ్లు చేయగలిగేది ఏమీ ఉండదు. దయచేసి మీ ఇంటి పాత కత్తిని చక్రానికి పెట్టించకండి.

నివేదిక చదివి వినిపించాక పెద్దాయన కాసేపు ఆగి అడిగారు: "అంటే మాది కాదంటవా సార్?"

"పెద్దయ్యా, ఉక్కు పరాయి దేశంది. పిడి ఇక్కడిది, అది పట్టిన చెయ్యి ఇక్కడిది, దాచిన పాతర మీదే" అన్నాను. కాకతీయుల పేరు పోయిన లోటు ఆయనకు ఉంది, అది దాచుకోలేదు. నేను చెప్పింది ఏమిటంటే, 1687లో గోల్కొండ పడిపోయింది, తర్వాత మొఘలు సుబేదారులు, 1724 నుంచి ఆసఫ్‌జాహీలు, మధ్య మధ్య చౌతు వసూలుకు వచ్చే మరాఠా రౌతులు. ఆ కాలంలో శిస్తు వసూలు చేసే దేశ్‌ముఖ్ ఇంటికి గుర్రాలూ, మనుషులూ, ఆయుధాలూ తప్పనిసరి. ఈ కత్తి ఆ కాలానికి అతికినట్టు సరిపోతుంది. ప్రతాపరుద్రుడి పేరు ఎప్పుడు చేరిందో గానీ, ఆ ఇంట్లో తరాలుగా కత్తి ఉందన్న మాట నిజమే. నివేదికలో అది కూడా రాశాను, ఇంటి మాటగా, విడిగా.

శుభ్రం చేయడంలో నేను చేసింది తక్కువ. గాడుల్లోని కుంకుమను ఆల్కహాలు తడిపిన దూదితో మెల్లగా తీశాను. కదులుతున్న ఎర్ర తుప్పును మాత్రమే వెదురు పుల్లతో వదిలించాను. గట్టిగా, నల్లగా నిలిచిన పొరను తాకలేదు, అదే ఇప్పుడు లోహానికి కాపు. పైన మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పట్టించాను. సిలికా జెల్ సంచులతో మూసిన పెట్టెలో పెట్టమనీ, లోపలి తేమ 40 శాతం దాటకుండా చిన్న మీటరు పెట్టి చూసుకోమనీ, చేతి చెమట తగలకుండా తొడుగులు వేసుకోమనీ చెప్పాను. దసరా పూజకు కత్తిని తెల్లని నూలుగుడ్డ మీద పెట్టి, పసుపు కుంకుమలు ఆ గుడ్డకు పెట్టేలా అక్కగారే ఒక పద్ధతి ఆలోచించారు. అందరికీ నచ్చింది.

చివరగా మిగిలింది అమ్మకం, ప్రయాణం. వ్యాపారి అడిగిన కాకతీయ కాగితం ఇచ్చే ప్రశ్నే లేదు. డాలస్‌లో ఉంటున్న పెద్దకొడుకు కత్తిని తన దగ్గరికి తీసుకెళ్లాలనుకున్నాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. బ్లేడు జర్మనీలో తయారైంది కదా, మినహాయింపు ఉంటుందా అని అడిగాడు. వస్తువు ఎక్కడ తయారైందన్నది చట్టానికి అడ్డు కాదు, వయసూ, చారిత్రక విలువా చూస్తుంది. అతనికి కత్తి బదులు ఎక్స్‌రే బొమ్మ, లోహపు ముద్రల ఫొటోలు, కొలతల పట్టిక, నివేదిక ప్రతి పంపాం. అసలు కత్తి పాలమూరులోనే, మేనల్లుడి పేర రాసిన పెట్టెలో ఉంది. ఏడాదికోసారి తుప్పు చూసి నాకు ఫొటోలు పంపే బాధ్యత అతనిదే.